పసుపు పెట్టిన గ్యారంటీ కార్డు

మా పక్కింటి కాక పోయిన మంగళవారం తెల్లవారుతుండగా కన్నుమూశాడు. మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆ గోడ మీదుగా చిన్నమ్మ పిలిచింది. "బిడ్డా, మీ కాక ఉలుకుతలేడు. జెర అచ్చి సూడు." వెళ్ళాను. పడుకుంటే ఊపిరాడటం లేదని గోడకు ఆనుకుని కూర్చున్నవాడు ఆనుకున్నట్టే ఉన్నాడు. మెడ మాత్రం కొంచెం పక్కకు వాలింది. మణికట్టు పట్టుకుని చూశాను, చల్లగా ఉంది.

గుండె ఆగి చనిపోయాడని కాగితం రాసిచ్చారు. ఎవరికైనా చివరికి ఆగేది గుండెకాయే. గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీ రియాక్టర్లలోకి దిగి, అడుగున పేరుకున్న మడ్డిని ఏళ్ళ తరబడి గీకిన మనిషిలో అంతకుముందు ఏమేం ఆగిపోతూ వచ్చాయో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

నన్ను ఎరిగినవాళ్ళు ఈపాటికి ఊహించే ఉంటారు, వీడిప్పుడు కంట్రాక్టరును తిడతాడు, ఫ్యాక్టరీని తిడతాడు, ఇంకెవరినో తిడతాడని. తిడతాను. తిట్టించుకోవలసిన వాళ్ళే వాళ్ళు. కానీ ఈసారి ఆ వరసలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాయడానికి వారం పట్టింది.

కాక మాకు చుట్టం కాదు. పటేల్‌గూడలో ఆ ఇంటి పక్క వాటాలోకి మేం కిరాయికి దిగిన రోజు, సామాను మోయడానికి పిలవకుండానే వచ్చి బియ్యం మూట భుజానికెత్తుకున్నాడు. ఏమని పిలవాలో తెలియక "అన్నా" అన్నాను. "అన్న ఏంది, తల నెరిసినోన్ని. నన్ను కాక అను, ఆమెను చిన్నమ్మ అను, ఇగ అయిపాయె" అన్నాడు. అంతటితో నిజంగానే అయిపోయింది.

చదువు రాదు. సంతకం మాత్రం వచ్చు. కాంట్రాక్టు కార్మికుల గురించి నేను రాసే కరపత్రాలు గేటు దగ్గర పంచేవాడు, కానీ మొత్తం చదివి వినిపించాకే. "ఏం రాసున్నదో ఎరుకలేని కాయితం మంది చేతుల ఎట్ల వెడుత?" అనేవాడు. చదువుతుంటే మధ్యలో అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. "గింత పొడుగు మాటెందుకు బిడ్డా? నువ్వది ముగించెటాళ్ళకు షిఫ్టు బస్సు ఎల్లిపోతది." నేను అక్కడ కొట్టేసేవాణ్ణి. నా రాతలో ఎక్కడైనా ఒక వాక్యం పొట్టిగా, సూటిగా ఉందంటే అది ఆయన పుణ్యమే. పుణ్యమన్న మాట నేను వాడను. ఇక్కడ వాడుతున్నాను.

డ్యూటీ నుంచి రాగానే చింతపండు గుజ్జుతో చేతులు తోమేవాడు. వాసన చూసుకుని మళ్ళీ తోమేవాడు. మా చిన్నది ఎత్తుకోమని చేతులు చాపితే వెనక్కి జరిగేవాడు. "ఆగు తల్లీ, చేతులు ఇంక ఫ్యాక్టరీలనే ఉన్నయి."

సెల్‌ఫోన్లు రాకముందు గేటు దగ్గర నిలబడ్డవాడికి డ్యూటీ దొరికేది. లేబర్ కంట్రాక్టరు మోటారు సైకిలు మీద వచ్చి, తనకు కావలసిన మందిని వేలు పెట్టి చూపించేవాడు. మనుషుల్ని పశువుల సంతలో లాగా ఏరుతున్నారని నేను కరపత్రం వేశాను. ఫోన్లు చవకయ్యాక ఆ వేలు కూడా మాయమైంది. కంట్రాక్టరు పటాన్‌చెరులో తన ఇంటి మెట్ల మీద కూర్చుని ఫోన్లు చేసేవాడు. ఎత్తినవాడికి డ్యూటీ. ఎత్తకపోతే తర్వాతి నంబరు. దీని మీద మాత్రం నేను కరపత్రం వేయలేదు. ఇది అభివృద్ధి అనుకున్నాను.

ఆ ఏడాదే ఫ్యాక్టరీలో కొత్త బ్లాకు లేచింది. పాత కాంట్రాక్టు మనుషుల్లో కొందరిని కంపెనీ రోలులోకి, అంటే పర్మనెంటుగా, తీసుకుంటారన్నారు. పర్మనెంటు అయితే నియామక పత్రం వస్తుంది, ఈఎస్ఐ కార్డు వస్తుంది, దవాఖానలో చూపించుకోవచ్చు. అప్పటికే కాక మా మేడ మెట్లు నాలుగెక్కితే దగ్గేవాడు. పేర్లు ఇచ్చేది కంట్రాక్టరే. "ఎప్పుడైతదో నాకే ఎరుక లేదు. ఫోన్ జేస్త. జేసిన పూటనే ఫొటోలు వట్టుకోని రావాలె" అన్నాడట. కాక ఫోను కొన్నది దానికోసమే, ఆ ఒక్క పిలుపు కోసం.

కొన్న సాయంత్రం మమ్మల్నందరినీ పిలిచారు. చిన్నమ్మ గిన్నెలో పసుపు కలిపి తెచ్చింది. కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టాల్సిందే. నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"మిషనుకు పసుపేంది చిన్నమ్మా? లోపలికి పోతే పాడైతది. ఇదంతా మూఢనమ్మకం" అన్నాను.

చిన్నమ్మ చెయ్యి ఆగింది. ఆమె ముఖం చూసి కాక మధ్యే మార్గం వెతికాడు. "సరె, మిషనుకు వద్దు. దాని కాయితానికి పెట్టు. మాట ఇచ్చింది కాయితమే గద."

ఆ కాయితం గ్యారంటీ కార్డు. దాన్ని నాతో ముందే చదివించుకున్నాడు. దుకాణం ఆయన కాక పేరు రాసి, కింద మూలకు తేదీ వేసి, ఊదా రంగు ముద్ర కొట్టిచ్చాడు. "ఏడాది దాక పూచీ వాళ్ళదేనా?" అని కాక రెండుసార్లు అడిగాడు. "వాళ్ళదే" అన్నాను. పెళ్ళి పత్రికకు పెట్టినట్టు చిన్నమ్మ కార్డు నాలుగు మూలలా తడి పసుపు అద్దింది. ఫోను గండం నుంచి బయటపడిందని నేను నవ్వుకున్నాను కూడా.

మొదటి నుంచీ చార్జరులోనే ఏదో లోపముంది. పెట్టిన కాసేపటికే పెంకలా కాలేది. కాక దాని పక్కన కూర్చుని తువ్వాలతో విసిరేవాడు. "పసిపోరనికి జరమొచ్చినట్టు కాలవట్టె" అని దిగులుపడేవాడు. కరెంటు ఎక్కేటప్పుడు అట్లాగే ఉంటుందని చెప్పింది నేనే. మూడో నెలలో ఒక పొద్దున కాలిన వాసన వచ్చింది. చార్జరు పోయింది. ఫోనులో అప్పటికున్న కాస్త ప్రాణం మధ్యాహ్నానికి ఆరిపోయింది.

పటాన్‌చెరు బస్టాండు పక్కన రిపేరు కొట్టుకు ఇద్దరం వెళ్ళాం. కొట్టాయన చార్జరును ముక్కు దగ్గర పెట్టుకుని చూసి పక్కన పడేశాడు. "కాకా, గిది సచ్చింది. లోకల్ చార్జరు ఒకటి వెట్టి సూస్త. ఫోన్ మంచిగనే ఉన్నట్టుంది, ఎక్కుతదనుకుంట."

కాక చెయ్యి జేబులోకి పోయింది. నేను పట్టుకున్నాను. "వద్దు కాకా. బయటి చార్జరు పెడితే గ్యారంటీ పోతది. వాళ్ళే కొత్తది ఇయ్యాలె. ఇది నీ హక్కు."

కొట్టాయన నా వంక చూశాడు. "సారూ, హక్కు వచ్చెటాళ్ళకు నెల వడ్తది. నా చార్జరు ఇప్పుడే ఉంది."

నేను చెప్పిన మాట కార్డు వెనక అక్షరం పొల్లుపోకుండా ఉంది. నేనేమీ అబద్ధం చెప్పలేదు. ఈ నాలుగేళ్ళుగా నన్ను కాల్చుతున్నది అదే.

మర్నాడు నగరంలో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాం. కాక ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చాడు. కౌంటరులో ఉన్న అమ్మాయి దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"దీంట్లో డేట్ లేదు కదండీ. ముద్ర కూడా కనిపించట్లేదు. ఎవరో చెరిపినట్టుంది."

చూస్తే నిజమే. తడి పసుపులో ఊదా సిరా కరిగి, తేదీ, ముద్ర కలిసిపోయి మట్టిరంగు మరక మిగిలింది.

"చెరపలే బిడ్డా. పసుపు వెట్టినం" అన్నాడు కాక.

"పసుపా? దీనికెందుకండీ?"

"కాయితం గద" అన్నాడు కాక.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. తప్పు ఆమెది కాదు. అన్నేళ్ళు పనిచేసిన ఫ్యాక్టరీ ఆయన పేరు మీద ఒక్క కాగితం ఇవ్వలేదు. గేటు పాసు పొద్దున ఇచ్చి సాయంత్రం లాక్కునేవాళ్ళు. జీవితంలో మొదటిసారి ఎవరో తన పేరు రాసి, ఏడాది వరకు మాది పూచీ అని కింద ముద్ర కొట్టి చేతికిచ్చారు. దానికి పసుపు పెట్టక ఏం చేస్తారు? ప్లాస్టిక్ డబ్బాకు ఏడాది గ్యారంటీ ఉన్న దేశంలో, దాన్ని జేబులో పెట్టుకుని రియాక్టరులోకి దిగేవాడికి మర్నాటి షిఫ్టుకు గ్యారంటీ లేదు. ఈ మాటే ఆ రోజు కౌంటరు ముందు నిలబడి అన్నాను. గట్టిగానే అన్నాను. వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఇద్దరు తలూపారు కూడా. తలూపితే ఫోను వెలగదు.

ఆ అమ్మాయి నేను ఆగేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పింది. "సర్, ఈ కార్డు మీద గ్యారంటీలో ఇవ్వడం నా చేతుల్లో లేదు. మా దగ్గర వాడిన చార్జరు ఒకటుంది, మంచిగా పనిచేస్తుంది. కంప్లయింట్ ఏమీ లేదని ఈ ఫారం మీద ఈయన సంతకం పెడితే ఇచ్చేస్తా. ఫోను ఇక్కడే ఆన్ చేసి చూసుకోండి."

కాక అప్పటికే పెన్ను క్యాపు తీశాడు. "పెడుదమా బిడ్డా?"

"వద్దు కాకా. పెడితే తప్పు మనదని ఒప్పుకున్నట్టే. రేపు ఇంకో కార్మికుడొస్తే వానికీ ఇదే ఫారం చూపెడ్తరు."

"ఆయన రేపొస్తడు. కంట్రాక్టరు ఇయ్యాల్నే ఫోన్ జేస్తడేమో."

"నేనున్న కదా" అన్నాను.

కాక ఫారం వంక, నా వంక చూశాడు. "సదువుకున్నోనివి. నువ్వన్నంక ఇగేంది" అని పెన్నుకు క్యాపు పెట్టాడు. పై ఆఫీసు నిర్ణయం కోసమని ఫోను అక్కడే ఉంచుకుని మాకో చీటీ ఇచ్చారు. బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుని, కంపెనీకి రాయబోయే నోటీసు మొదటి వాక్యం తలలో దిద్దుకుంటూ వచ్చాను. కాక దారి పొడుగునా ఆ చీటీని మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. ఆలోచిస్తున్నాడనుకున్నాను.

నోటీసు మూడు పేజీలు వచ్చింది. పోస్టు చేసే ముందు కాకకు చదివి వినిపించాను. ఎక్కడా చెయ్యి అడ్డం పెట్టలేదు. చివరిదాకా విని "మంచిగున్నది" అన్నాడు.

మా ఇంట్లో తీగ ఫోను ఉండేది. ఆ నంబరు కంట్రాక్టరుకు ఇచ్చి రమ్మని పంపాను. కాక తిరిగొచ్చి, కంట్రాక్టరు ఏమన్నాడో నవ్వుతూ చెప్పాడు. "గా కరపత్రాల సారింటికా? నేను ఫోన్ జేస్తే ఎత్తంగనే నాకు లెక్చరిస్తడు. నీ ఫోన్ బాగైనంక చెప్పుపో అన్నడు బిడ్డా." నేను నవ్వలేదు. ఆయన నన్ను నవ్వించాలని ఇంకోసారి చెప్పాడు.

తోటివాళ్ళు వీధిలో ఆపి ఆట పట్టించేవాళ్ళు. "ఏం కాకా, నీ ఫోన్ దవాఖానల వడ్డదట గద, ఇంక డిశ్చార్జి జేస్తలేరా?"

"డాక్టరు మా ఇంటి పక్కనే ఉన్నడు, సూస్తుండు" అనేవాడు. నన్ను వెక్కిరించడానికి కాదు. నిజంగానే అట్లా నమ్మాడు.

డ్యూటీలు తగ్గాయి. ఫోనెత్తని వాడి నంబరు జాబితాలో కిందికి జారుతుంది. ఆయనకు రోజులు ఎట్లా గడుస్తున్నాయో గోడ అవతల ఉన్న నాకు తెలియదా? తెలుసు. చిన్నమ్మ పొయ్యి ఎన్ని పూటలు రాజేస్తుందో పొగను బట్టి తెలుస్తుంది. నేను రెండో నోటీసు రాశాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రసీదు దాచిపెట్టాను.

మేం గెలిచాం. ఈ సంగతి రాయకపోతే నన్ను నేను కాపాడుకున్నట్టవుతుంది. ఫోను అక్కడ పెట్టి వచ్చిన ఐదో నెలలో కంపెనీ ఒప్పుకుంది. కొత్త ఫోను, కొత్త చార్జరు, ఏడాది గ్యారంటీతో ఇంకో కార్డు వచ్చాయి. నేను ఆ ఉత్తరాన్ని వీధిలో నలుగురికి చదివి వినిపించాను. అప్పటికి కొత్త బ్లాకు నడుస్తోంది. పర్మనెంటు అయినవాళ్ళు నీలం చొక్కాలేసుకుని కంపెనీ బస్సెక్కుతున్నారు. వాళ్ళలో కాక లేడు.

ఆయన ఫోనును చేతిలో అటూ ఇటూ తిప్పి చిన్నమ్మకు ఇచ్చేశాడు. "ఇగో, మీ తమ్మునితోటి మాట్లాడుకో." కార్డును పక్కన పెట్టాడు. ఈసారి దానికి ఎవరూ పసుపు కలపలేదు. నేను ఆ కార్డు అందుకుని చదవబోవడం చూసి తనే అన్నాడు. "కోపం మంచిదే బిడ్డా. నీకు ఆ మాత్రం ఉండాలె. గని అది మన బదులు డ్యూటీకి పోదు గద." వెంటనే "తిన్నవా?" అని అడిగాడు.

నిందించి ఉంటే నేను వాదించేవాణ్ణి. చట్టం చెప్పేవాణ్ణి, షరతులు చెప్పేవాణ్ణి, ఆ మూలమలుపులన్నీ నాకు తెలుసు. తిన్నవా అన్నందుకు తిన్నానని మాత్రం చెప్పాను.

తర్వాత ఆయన మెట్ల దగ్గర దగ్గడం మానేసి, కూర్చున్న చోటే దగ్గడం మొదలుపెట్టాడు. ఏ దవాఖానకు తీసుకుపోయినా మొదట అడిగేది ఈఎస్ఐ కార్డు. నేను కౌంటర్ల దగ్గర అరిచేవాణ్ణి. కాక బెంచీ మీద నుంచి "సల్లవడు బిడ్డా, ఆళ్ళను గూడ పని జేసుకోనియ్యి" అనేవాడు. అట్లా మూడున్నరేళ్ళు గడిచాయి. ఇప్పుడు మంగళవారం కూడా గడిచింది.

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. చిన్నమ్మకు కూడా చెప్పలేదు. ఈ అక్షరాలు ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తే నేను ఆమె ముందు తల ఎత్తలేను. అయినా రాస్తున్నాను.

ఫోను సర్వీస్ సెంటర్‌లో ఉన్న రోజులవి. సంగారెడ్డిలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి పొద్దుటి బస్సు కోసం పటాన్‌చెరులో రోడ్డు పక్కన నిలబడ్డాను. కంట్రాక్టరు ఇల్లు అక్కడికి నాలుగడుగులే. అతను మెట్ల మీద ఫోను చెవిన పెట్టుకుని గట్టిగా మాట్లాడుతున్నాడు.

"పర్మనెంటుకు ఇంకొక్కడు తక్కువున్నడు. పొద్దటి సంది జేస్తున్న, ఒక్కడెత్తుతలేడు. ఎవడన్నుంటె చెప్పు, జల్దీ పేరియ్యాలె."

అతని ఎదురుగా, ప్రహరీ గోడకు ఇవతల, కాక నిలబడి ఉన్నాడు. పటేల్‌గూడ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. జేబులో ఫొటోల కవరు తెల్లగా కనిపిస్తోంది. ఎన్ని పొద్దుల నుంచి అట్లా వస్తున్నాడో నాకు తెలియదు. కంట్రాక్టరు మాట వినగానే కాక కుడిచెయ్యి పైకెత్తాడు. ఫోనులో మాట్లాడుతున్న మనిషిని మధ్యలో పిలవకూడదనుకున్నాడేమో.

నేను వెళ్ళి ఉండవచ్చు. నేను కలగజేసుకుంటే ఆ పేరు ఎప్పటికీ రాదని నాకు నేను చెప్పుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. హక్కుగా రావలసినదానికి ఆయన అట్లా చెయ్యెత్తి నిలబడటం నాకు గిట్టలేదు. కోపం వచ్చింది. కంట్రాక్టరు మీద కాదు, కాక మీద.

కంట్రాక్టరు "హలో, హలో" అంటూ సిగ్నల్ కోసం వరండాలో రెండో పక్కకు పోయాడు. కాక కూడా గోడ వెంబడి అటువైపు నడిచాడు. మళ్ళీ ఎదురుగా నిలబడి, మళ్ళీ చెయ్యెత్తాడు. నా బస్సు వచ్చింది. ఎక్కి వెనక అద్దంలోంచి చూశాను. కంట్రాక్టరు ఇంకో నంబరు నొక్కుతూ తల వంచుకుని ఉన్నాడు. కాక చెయ్యి గోడకు పైన అట్లాగే ఉంది. అలిసిపోయినట్టుంది, ఎడమచేత్తో మోచేతి కింద పట్టుకుని దాన్ని పైకి ఆపుతున్నాడు.